నవజాత శిశువు: శయనభంగిమ, శ్వాస

పసిబిడ్డ బోర్లాపడిన నాడు ఇంట బొబ్బట్లు చేసి పంచిపెట్టడం తెలుగునాట వాడుక. బిడ్డకు నాలుగైదు మాసాలు నిండి, మెడ నిలబడి, తనంతట తాను ఒత్తిగిలి బోర్లాపడడం ఎదుగుదలకు గుర్తు గనుక పెద్దలు దానిని పండుగ చేసికొన్నారు. అంతకుముందు బిడ్డ బోర్లా ఉండేది రెండు చోట్లనే: నీళ్ళు పోసేటప్పుడు కాళ్ళు చాచుకొని కూర్చున్న ముసలమ్మ కాళ్ళమీద, పాలు త్రాగిన తరువాత తల్లి భుజం మీద. తక్కిన వేళల్లో వెల్లకిలనో, ప్రక్కకు ఒత్తిగిలియో పడుకొంటుంది. ఇది ఎవరో ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు, తరతరాలుగా వచ్చిన అలవాటు. కాని బిడ్డను ఎట్లా పడుకోబెట్టినామన్నది దాని ఊపిరికి సంబంధించిన విషయమని, ఒక్కొక్కప్పుడు ప్రాణానికే సంబంధించిన విషయమని వైద్యశాస్త్రం గ్రహించినది ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలోనే. ఒకచోట నిజమైన సంగతిని మరొకచోటికి విచారణ లేకుండా మోసుకొనిపోతే ఎంత నష్టం వాటిల్లుతుందో తెలిసినది కూడా ఆ కాలంలోనే.

ఈ చరిత్ర టొరంటోలోను, క్లీవ్‌లండులోను జరిగినదే అయినా, దానితో అవసరం మాత్రం ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఈనాడూ ఉన్నది. ఖమ్మంనుండి భద్రాచలానికి దాదాపు 120 కిలోమీటర్లు. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ ఏడు ఖమ్మం జిల్లాలో చేరింది. 1965లో గోదావరిమీద వంతెన సిద్ధమయ్యేవరకు ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డుకు పోవాలంటే పడవే గతి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడినప్పుడు భద్రాచలం ఆ జిల్లాలో చేరింది. దుమ్ముగూడెం, చర్ల మండలాల కోయగూడేలనుండి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు పల్లెలనుండి కూడా కాన్పులకు భద్రాచలంలోని ప్రాంతీయ వైద్యశాలకే వస్తారు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ ఊపిరికోసం పెనుగులాడుతున్నదంటే అక్కడి నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగంలో చేరుస్తారు. వాడుకలో దీనిని ఎస్.ఎన్.సి.యు. అంటారు. జిల్లాస్థాయిలో ఇటువంటి విభాగం మనదేశంలో మొదట 2003లో పశ్చిమ బెంగాలులోని పురూలియాలో ఏర్పడి, తరువాత జాతీయ ఆరోగ్య పథకం ద్వారా దేశమంతటా వ్యాపించింది. శిశువును వెచ్చగా ఉంచడం, ఆమ్లజని ఇవ్వడం, కామెర్లకు కాంతిచికిత్స చేయడం వీటి పని. గొట్టం వేసి శ్వాసయంత్రం మీద దీర్ఘకాలం ఉంచడం వీటికి ఉద్దేశించిన పని కాదు. అటువంటి శిశువు పెద్ద ఆసుపత్రికి పోవలె. అనగా ఖమ్మానికో, వరంగల్లుకో, లేదా 300 కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాదుకో ప్రయాణం. హైదరాబాదులో ఈ పసిపిల్లలకు చిరకాలంగా దిక్కైన నీలోఫర్ ఆసుపత్రి 1953లో వెలసింది. తన పరిచారిక కాన్పులో మరణించగా నీలోఫర్ రాకుమారి పట్టుబట్టి దానికి పునాది వేయించింది.

కిలోన్నర బరువున్న బిడ్డ ఈ దారిలో మూడు చోట్ల పడుకొంటుంది: వైద్యశాల పడకమీద, అంబులెన్సులో, చివరకు ఇంటి ఉయ్యాలలో. ఈ మూడు చోట్లా ఒకే భంగిమ పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలియవలెనంటే ముందు బిడ్డ ఊపిరి సంగతి చూడవలె.

ఊపిరితిత్తులలో గాలి చేరేది వాయుకోశాలలోకి. ఇవి లోపల తడిగా ఉండే అతి చిన్న బుడగలు. తడి ఉన్నచోట తలతన్యత ఉంటుంది. తలతన్యత బుడగను ముడిచివేయజూస్తుంది. దానిని తెరచి ఉంచడానికి కావలసిన పీడనం తలతన్యతకు రెట్టింపును వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేదని లాప్లాసు సూత్రం. వ్యాసార్ధం తగ్గినకొద్దీ పీడనం పెరగవలె. దీనిని బడి ప్రయోగశాలలోనే చూపవచ్చు. ఒక గాజుగొట్టం రెండు కొసలకు ఒక పెద్ద సబ్బుబుడగను, ఒక చిన్న సబ్బుబుడగను ఊది, నడుమనున్న బిరడా తిప్పితే పెద్దది చిన్నదానిలోకి గాలి పంపుతుందని పిల్లలు ఊహిస్తారు. జరిగేది అందుకు విరుద్ధం. చిన్నది ముడుచుకొనిపోయి తన గాలినంతా పెద్దదానికి ధారపోస్తుంది. ఊపిరితిత్తులలో చిన్న వాయుకోశాలన్నీ ఇట్లాగే ముడుచుకొనిపోకుండా అడ్డుకొనేది ఏదో ఉండి తీరవలె.

1929లో ఫాన్ నేర్‌గార్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఊపిరితిత్తులను గాలితో నింపడానికి, ద్రవంతో నింపడానికి కావలసిన పీడనాలను పోల్చి చూచి, గాలితో నింపడానికి ఎంతో ఎక్కువ పీడనం కావాలని, ఆ ఎక్కువకు కారణం తలతన్యతేనని తేల్చాడు. ఆ సంగతి పాతికేళ్ళపాటు ఎవరూ పట్టించుకోలేదు. 1955లో పాటిల్ అనే ఆంగ్లేయుడు ఊపిరితిత్తులనుండి వచ్చిన నురుగులోని బుడగలు చితకకుండా నిలిచి ఉండడం గమనించాడు. 1957లో అమెరికాలో క్లెమెంట్స్ ఊపిరితిత్తుల స్రావానికి తలతన్యతను తగ్గించే గుణమున్నదని కొలిచి చూపాడు. నెలలు నిండక పుట్టి ఊపిరందక మరణించిన శిశువుల ఊపిరితిత్తులలో ఆ స్రావం కొరవడినదని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెర్ మీడ్ నిరూపించారు. తల్లి గర్భంలో చివరి వారాలలోగాని ఇది చాలినంత తయారుకాదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి పుట్టిన కుమారుడు పాట్రిక్ ఈ జబ్బుతోనే 39 గంటలు బ్రతికి కన్నుమూశాడు. దేశాధ్యక్షుని బిడ్డకే చేయగల చికిత్స ఆనాడు లేదు. అడవి అంచు గూడెంలో పుట్టిన బిడ్డ మాట చెప్పనక్కరలేదు.

స్రావం కొరవడడం సగం కథ. తక్కిన సగం ఎముకలలోను, కండరాలలోను ఉన్నది. శయనభంగిమతో పని పడేది ఇక్కడనే.

కమ్మరి కొలిమితిత్తిని పాఠకులు చూచే ఉంటారు. పైన క్రింద చెక్కలు గట్టిగా ఉండబట్టే వాటిని విడదీసినప్పుడు తిత్తిలోకి గాలి దూరుతుంది. ఆ చెక్కలకు బదులు మెత్తటి తోలు కుట్టినామనుకొందాము. ఒకవైపు లాగితే రెండవవైపు లోనికి కూలబడుతుంది, గాలి మాత్రం రాదు. నవజాత శిశువు ఉరఃపంజరం దాదాపు ఇటువంటిదే. ప్రక్కటెముకలలో చాలా భాగం ఇంకా మృదులాస్థి. ఉదరవితానం క్రిందికి లాగినప్పుడు ఎదురొడ్డి నిలువవలసిన ఛాతీ లోనికి పోతుంది. పొట్ట పైకి లేస్తూ ఉంటే రొమ్ము క్రిందికి దిగబడుతూ ఉంటుంది. పల్లెలో తల్లులు దీనిని “డొక్కలు ఎగరేయడం” అంటారు. ఆ మాటలో ఉన్నంత పరిశీలన కొన్ని వైద్యగ్రంథాలలో లేదు. ఇక ఉదరవితానం సంగతి. అలసట లేకుండా చిరకాలం పనిచేయగల కండరతంతువులు పెద్దవారి ఉదరవితానంలో దాదాపు 55 శాతం, నెలలు నిండి పుట్టిన శిశువులో 25 శాతం, నెలలు నిండని శిశువులో కేవలం 10 శాతం. 1978లో కీన్స్, చార్లెస్ బ్రయన్ మొదలైనవారు వెలువరించిన లెక్క ఇది. కనుక నెలలు నిండని శిశువు ఊపిరికోసం పడే శ్రమలో చాలా భాగం తన రొమ్మును తానే లోనికి లాగికొనడంలో వ్యర్థమవుతుంది. ఆ శ్రమచేసే కండరం తొందరగా అలసిపోతుంది.

ఈ శిశువులను బ్రతికించే ప్రయత్నాలు మొదట యంత్రాలవైపే నడిచాయి. 1960 తరువాత టొరంటోలో మరియా డెలివోరియా పాపడోపులోస్, పాల్ స్వయర్ శ్వాసయంత్రం సాయంతో ఇటువంటి శిశువులను దక్కించవచ్చునని చూపారు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జి గ్రెగరీ మరొక సులువు చెప్పాడు. శిశువు తానే ఊపిరి పీల్చవచ్చు, కాని ఊపిరి విడిచిన తరువాత కూడా ఊపిరితిత్తులలో కొంత పీడనం నిలిచి ఉండేటట్లు చూస్తే వాయుకోశాలు ముడుచుకొనవు. ఆయన మొదట చికిత్స చేసిన 20 మందిలో 16 మంది బ్రతికారు. సీపాప్ అని ఈనాడు ప్రతి వైద్యశాలలోను వినబడే మాటకు ఇదే మూలం. ఆ రోజుల్లోనే కెనడాలోని విన్నిపెగ్‌లో విక్టర్ చెర్నిక్‌తో కలసి పనిచేస్తూ ఇదే ఫలితాన్ని వేరుదారిని సాధించినవారిలో తెలుగువారైన ధర్మపురి విద్యాసాగర్ ఒకరు. శిశువు ముక్కులో పీడనం పెంచడానికి బదులు ఛాతీ చుట్టూ పీడనం తగ్గించడం వారి పద్ధతి. దీనిమీద వారి వ్యాసాలు 1971, 1972 సంవత్సరాలలో వెలువడినాయి. తరువాత విద్యాసాగర్ షికాగోలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యులై నవజాత శిశువైద్యంలో పేరు గడించారు.

ఈ పీడనాన్ని కొలవడానికి ఖరీదైన మీటరు ఏదీ అక్కరలేదు. శిశువు విడిచిన గాలి పోయే గొట్టపు కొసను సీసాలోని నీటిలో 5 సెంటీమీటర్ల లోతున ముంచితే, ఆ లోతే పీడనం. బుడబుడమని బుడగలు వస్తున్నంతవరకు పీడనం నిలిచి ఉన్నట్లే. తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్రం ప్రాణం నిలపడాన్ని చూడదలచినవారికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

యంత్రాలు వచ్చిన తరువాత కొత్త చిక్కు వచ్చింది. యంత్రం మీద పెట్టడం ఒక ఎత్తు, దానినుండి తప్పించడం మరొక ఎత్తు. గొట్టం ఎన్నాళ్ళు ఉంటే అన్నాళ్ళు ఊపిరితిత్తులకు దెబ్బ, అంటురోగాల భయం. తొందరపడి తీస్తే శిశువు అలసిపోయి మళ్ళీ గొట్టం వేయవలసి వస్తుంది. శిశువు సొంత ఊపిరికి సిద్ధపడిందా లేదా అన్నది ఎట్లా తెలుసుకోవడం? రక్తంలోని వాయువులు కొలిచేవారు కొందరు, యంత్రం ఇచ్చే ఊపిరుల సంఖ్య క్రమంగా తగ్గించి చూచేవారు కొందరు. యంత్రం కొట్టే ఊపిరులను ఆపి, పీడనం మాత్రం నిలిపి, మూడు నిమిషాలపాటు శిశువును తన ఊపిరికే వదలి గుండె వేగాన్ని, ఆమ్లజనిని కనిపెట్టి చూచే పరీక్షను మెల్బోర్న్ వైద్యులు 2006లో ప్రకటించారు. కాఫీగింజలలోని కెఫీన్ మందుగా ఇస్తే శిశువులు యంత్రంనుండి దాదాపు వారం రోజులు ముందుగా బయటపడుతున్నారని కూడా ఆ యేడే తేలింది. కాఫీకి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చే తెలుగు తాతలు ఈ ఒక్క సందర్భంలో సడలింపు ఇవ్వవలసి ఉంటుంది.

ఈ గొప్ప యంత్రాలన్నింటి నడుమ, పైసా ఖర్చులేని ఉపాయం ఒకటి ఉన్నదని గమనించినవారు తక్కువ. ఉరఃపంజరం మెత్తగా ఉన్నదే కదా చిక్కు. బిడ్డను బోర్లా పడుకోబెడితే ముందువైపు ప్రక్కటెముకలు పడకకు ఆనుకొని కదలకుండా నిలుస్తాయి. కొలిమితిత్తికి పోయిన చెక్క తిరిగి దొరికినట్లవుతుంది. వెల్లకిల ఉన్నప్పుడు గుండె బరువు ఊపిరితిత్తుల వెనుకభాగం మీద పడుతుంది, కడుపులోని అవయవాలు ఉదరవితానాన్ని వెనుకవైపునుండి పైకి నెడతాయి. బోర్లా ఉన్నప్పుడు ఈ రెండు భారాలూ తగ్గుతాయి.

యంత్రాలమీద ఉన్న రోగులను బోర్లా పడుకోబెట్టి చూడవలెనని 1974లో సూచించినవాడు పైన చెప్పిన చార్లెస్ బ్రయనే. 1979లో క్లీవ్‌లండులో మార్టిన్, ఫనరాఫ్ మొదలైనవారు నెలలు నిండని 16 మంది శిశువులను వెల్లకిల, బోర్లా మార్చి మార్చి పడుకోబెట్టి కొలిచారు. బోర్లా ఉన్నప్పుడు రక్తంలో ఆమ్లజని పీడనం దాదాపు 15 శాతం పెరిగింది. పొట్ట ఒకవైపు, రొమ్ము ఒకవైపు పోవడం తగ్గింది. ఆ సంవత్సరమే ఫిలడెల్ఫియాలో వేగమన్, ఫాక్స్ మొదలైనవారు శ్వాసనాళంలో గొట్టం ఉన్న 14 మందిని పరీక్షించి, బోర్లా ఉన్నప్పుడు ఆమ్లజని పెరగడమే గాక ఊపిరితిత్తులు మెత్తపడి తేలికగా సాగుతున్నాయని కనుగొన్నారు.

యంత్రంనుండి తప్పించే వేళ భంగిమ పనికి వస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం బ్రెజిల్‌నుండి 2003లో వచ్చింది. 42 మంది శిశువులలో సగంమందిని బోర్లా, సగంమందిని వెల్లకిల ఉంచి యంత్రాన్ని తగ్గిస్తూ వచ్చారు. యంత్రం వదలడానికి పట్టిన కాలంలో తేడా కనబడలేదు. కాని మళ్ళీ గొట్టం వేయవలసి వచ్చినది వెల్లకిల ఉన్నవారిలో 33 శాతానికి, బోర్లా ఉన్నవారిలో 4 శాతానికి. చూడగానే ఉత్సాహం కలిగించే అంకెలు. అయితే 21 మందిలో ఏడుగురికీ ఒకరికీ ఉన్న తేడా అది. ఇంత చిన్న లెక్కమీద పెద్ద మేడ కట్టరాదు. 2016లో ఇటువంటి 19 ప్రయోగాలను, మొత్తం 516 మంది శిశువులను ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, బోర్లా ఉంచితే రక్తంలో ఆమ్లజని దాదాపు 2 శాతం మెరుగవుతుందని, ఆ మేలు తరువాత కూడా నిలుస్తుందనడానికి మాత్రం ఆధారం చాలదని తేలింది. లాభం నిజం, కాని కొంచెం. ఆమ్లజని అంచున ఊగిసలాడే శిశువుకు ఆ కొంచెమే కావలసి రావచ్చు.

ఇందులో ఒక షరతు ఉన్నది. ఈ శిశువులందరూ గుండెవేగం, ఆమ్లజని లెక్కించే యంత్రాలకు తగిలించి ఉన్నవారు, నర్సుల కన్ను విడువనివారు. ఊపిరి ఆగితే క్షణాలలో గంట మోగుతుంది. వ్రేలికో పాదానికో వెలుగు వేసి ఆమ్లజని చెప్పే పరికరానికి సూత్రం జపానులో తకువో అవొయాగి 1974లో కనుగొన్నాడు. ఆ కాపలాయే బోర్లా భంగిమను క్షేమకరం చేసింది.

కాపలా లేనిచోట ఏమి జరిగిందో చూడండి. కోట్లాది తల్లులు చదివిన శిశుపోషణ గ్రంథంలో అమెరికా వైద్యుడు బెంజమిన్ స్పాక్, 1950 తరువాతి ముద్రణలలో, బిడ్డను బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చాడు. వెల్లకిల ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డుపడవచ్చునన్నది ఆయన తర్కం. వినడానికి బాగానే ఉన్నది, పరీక్షించినవారే లేరు. 1970 ప్రాంతంలో నెదర్లండ్స్‌లోను ఈ ఆచారం వ్యాపించింది. వైద్యశాలలో నెలలు నిండని శిశువులు బోర్లా ఉండి బాగా ఊపిరి పీలుస్తున్నారన్న కొత్త జ్ఞానం దీనికి తోడై బలం చేకూర్చింది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రాత్రి పడుకొని తెల్లవారేసరికి ఉయ్యాలలో చనిపోయి ఉండడం ఆ దేశాలన్నిటా పెరిగింది. 1987లో డచ్చి వైద్యుడు డి యోంగే బోర్లా నిద్రే కారణమని హెచ్చరించాడు. న్యూజీలండు, ఆస్ట్రేలియాలలో జరిగిన పరిశోధనలు దానిని బలపరచాయి. 1991లో బ్రిటన్‌లోను, 1994లో అమెరికాలోను బిడ్డను వెల్లకిల పడుకోబెట్టండని దేశవ్యాప్తంగా ప్రచారం సాగింది. అమెరికాలో 1992లో వేయి జననాలకు 1.2 ఉన్న ఈ మరణాలు పదేళ్ళలో సగానికి తగ్గాయి. బోర్లా నిద్రిస్తున్న బిడ్డకు నిద్ర గాఢంగా పడుతుంది, ఊపిరి కుంటుపడినప్పుడు ఉలిక్కిపడి మేలుకొనే శక్తి తగ్గుతుంది. మెత్తని పరుపులో ముఖం పెట్టి తాను విడిచిన గాలినే తిరిగి పీల్చుతుంది, ఒంటివేడి బయటికి పోదు. వైద్యశాలలో మేలుచేసిన గాఢనిద్రే ఇంట్లో ముప్పు తెచ్చింది.

అన్నిటికన్న బాధ కలిగించే సంగతి 2005లో బయటపడింది. అప్పటికే అచ్చయి ఉన్న పరిశోధనలను ఎవరైనా ఒకచోట కూర్చి చూచి ఉంటే బోర్లా నిద్ర ప్రమాదమని 1970 నాటికే తెలిసి ఉండేదని, అట్లా చేసి ఉంటే ఒక్క బ్రిటన్‌లోనే పదివేలకు పైగా, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ఖండాలలో ఏబదివేలకు తక్కువ కాకుండా పసిప్రాణాలు నిలిచేవని లండన్ పరిశోధకులు లెక్క వేశారు. శాస్త్రంలో కొత్తది కనుగొనడం ఎంత ముఖ్యమో, ఉన్నది చదవడం అంత ముఖ్యమని ఇంతకన్న కఠినంగా ఎవరూ చెప్పలేరు.

బోర్లా పడుకోబెట్టే పాశ్చాత్యుల మోజు మన పల్లెలకు చేరలేదు. వెల్లకిల ఉంచే అలవాటు మనకు అనాదిగా ఉన్నది గనుక ఆ విషయంలో మనకు భయం లేదనిపించవచ్చు. కాని ఇప్పుడు కథ కొంచెం మారింది. చర్లనుండి వచ్చిన తల్లి భద్రాచలంలోనో, ఖమ్మంలోనో మూడు వారాలపాటు రోజూ చూచేది ఏమిటి? తెల్లదుస్తుల నర్సమ్మ తన బిడ్డను బోర్లా పడుకోబెట్టడం, అట్లా పడుకోబెట్టగానే డొక్కలు ఎగరేయడం తగ్గడం. ఇంటికి పోయిన తరువాత తానూ అట్లాగే చేయవలెనని ఆమెకు తోచడంలో వింత లేదు. చదువుకొన్నవారు చేసినదే కదా అని అత్తగారు కూడా ఒప్పుకొంటుంది. ఉయ్యాల దగ్గర మాత్రం గంట మోగించే యంత్రం ఉండదు. అందుకే నెలలు నిండని శిశువు కోలుకొనగానే, ఇంటికి పంపడానికి చాలాముందే, వెల్లకిల నిద్రకు అలవాటు చేయవలెనని అమెరికా శిశువైద్యుల సంఘం నియమం పెట్టింది. గర్భధారణనుండి లెక్కిస్తే 32 వారాలు నిండేసరికి ఈ మార్పు జరగవలెనని వారి సూచన. తల్లి కళ్ళముందే ఆ మార్పు జరగడం మంచిది. వెళ్ళేరోజు చీటీమీద వ్రాసి ఇచ్చిన మాటకన్న, పదిరోజులు కంటితో చూచినది ఎక్కువగా నిలుస్తుంది. ఇది తెలుగుకన్న కోయమాట దగ్గరయిన తల్లుల విషయంలో మరీ నిజం.

ఇక దారి మాట. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సులు వచ్చిన తరువాత అడవి పల్లెలకు పట్టణం కొంత దగ్గరయింది. అంబులెన్సు కుదుపులలో బోర్లా ఉన్న శిశువు ముఖం కనిపెట్టి ఉండడం కష్టం గనుక సాధారణంగా వెల్లకిలే ఉంచుతారు. ఇక్కడ మరొక చిక్కు. నవజాత శిశువుకు తల వెనుకభాగం ఒంటితో పోలిస్తే పెద్దది. బల్లపరుపు పడకమీద వెల్లకిల ఉంచితే తల ముందుకు వంగి గడ్డం రొమ్ముకు ఆనుతుంది, మెత్తని శ్వాసనాళం మడతపడుతుంది. భుజాల క్రింద అంగుళం మందాన మడిచిన గుడ్డ పెడితే మెడ సరిగా నిలిచి దారి తెరచుకొంటుంది. అంతకన్న మందంగా పెడితే మెడ వెనుకకు విరిగినట్లయి దారి మళ్ళీ మూసుకొంటుంది. చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ విల్లులాగా వంగి పడుకొనేటప్పుడు జరిగేది కూడా ఈ గడ్డం ఆనడమే. నెలలు నిండిన గట్టి బిడ్డ దానిని తట్టుకోవచ్చు. యంత్రంనుండి నిన్న మొన్న బయటపడిన కిలోన్నర బిడ్డను చీర ఉయ్యాలలో వేయరాదు.

బోర్లా భంగిమలోని మేలు, కాపలాలోని క్షేమం రెండూ కలసిన పద్ధతి ఒకటి ఉన్నది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో శిశువులను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలకపోతే ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు చిన్నబిడ్డలను తల్లుల రొమ్ములమీదనే, ఒంటికి ఒళ్ళు తగిలేటట్లు, నిలువుగా బోర్లా కట్టి ఉంచమన్నాడు. కంగారు తన పిల్లను సంచిలో మోసినట్లు ఉండడంవలన దానికి కంగారు సంరక్షణ అని పేరు వచ్చింది. బిడ్డ రొమ్ము తల్లి రొమ్ముకు ఆనుతుంది గనుక ప్రక్కటెముకలకు ఆధారం దొరుకుతుంది. తల ఒక ప్రక్కకు తిరిగి గడ్డం పైకెత్తి ఉంటుంది. తల్లి ఊపిరి, గుండె చప్పుడు, ఒంటి వెచ్చదనం వీడవు. ఢిల్లీతో కలిపి ఐదు దేశాలలోని ఆసుపత్రులలో 3211 మంది చిన్నబిడ్డలపై జరిపి, 2021లో వెలువరించిన పెద్ద ప్రయోగంలో, పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టినవారిలో 28 రోజులలోపు మరణాలు 12.0 శాతం. శిశువు నిలకడగా అయిన తరువాతనే మొదలుపెట్టే పాత పద్ధతిలో 15.7 శాతం. మేలు ఇంత స్పష్టంగా కనబడగా ప్రయోగాన్ని అనుకొన్నదానికన్న ముందే ఆపివేశారు.

తల్లి మేలుకొని ఉన్నంతసేపు, తగినంత వాలుగా కూర్చొని ఉన్నంతసేపు ఇది మంచిదే. ఆమెకు నిద్ర ముంచుకొచ్చినప్పుడు బిడ్డను రొమ్మునుండి దించి, మెడ సరిగా ఉండేటట్లు చూచి, గట్టి పరుపుమీద వెల్లకిల పడుకోబెట్టవలె. ఆ పని చేసే రెండవ మనిషి అత్తగారో, భర్తో, ఆశా కార్యకర్తో ఎవరైనా సరే, వైద్యశాలలో ఉండగానే ఒకసారి చేసి చూపించి ఉండవలె. ఖమ్మంలో 2023లోను, కొత్తగూడెంలో 2022లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చిన తరువాత శ్వాసయంత్రాలున్న పడకలు అడవికి కొంత దగ్గరవుతాయి. యంత్రంనుండి బయటపడి, తల్లి రొమ్ముమీద వారం రోజులుండి దుమ్ముగూడెం బస్సెక్కే బిడ్డను ఆ మొదటి రాత్రి ఎట్లా పడుకోబెట్టాలన్నది మాత్రం ఆ బస్సెక్కకముందే తేలవలసిన సంగతి.